గాజులు తీయించిన తనిఖీ

వృద్ధాశ్రమాలను తనిఖీ చేసే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు మిర్యాలగూడలో మా ఇంటికి వస్తుంటారు. "మేడం, ఏం చూడాలో, ఎట్లా చూడాలో చెప్పండి" అంటారు. రూల్సు నేను చెప్పను. అవి మీరే చదువుకుంటారు, చదవకపోతే మీ పై ఆఫీసరు చదివిస్తాడు. 2001లో నేను ఈ పనిలో చేరేనాటికి డిమెన్షియా అనే జబ్బు పేరు ఆశ్రమాలు నడిపేవాళ్ళకూ తెలియదు, వాటిని తనిఖీ చేసే మాకూ తెలియదు. మతి తప్పింది అనేవాళ్ళం, చాదస్తం అనేవాళ్ళం, కోపమొస్తే పిచ్చి అనేవాళ్ళం. 2014లో నేను రిటైరయ్యేనాటికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోని ఆశ్రమాల సూపర్వైజర్లకు ఆ జబ్బు గురించి కొంత తెలిసింది. ఆ కొంత ఎట్లా తెలిసిందో చెప్పడానికి ఒక్క ముసలమ్మ సంగతి చాలు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె తేలికవుతుంది.

పెళ్ళిచూపుల లాంటి తనిఖీలు

మా తనిఖీలు పెళ్ళిచూపుల లాగా ఉండేవి. మేం వస్తున్నామని ముందు రోజే తెలిసిపోయేది. గచ్చు మీద ఫినాయిల్ వాసన, కొత్త దుప్పట్లు, వరుసగా కూర్చోబెట్టిన పెద్దవాళ్ళు. మేం గడపలో కాలు పెట్టగానే అందరూ ఒకేసారి దండం పెట్టేవాళ్ళు. బియ్యం చూశాం, బాత్రూములు చూశాం, ఉప్మా తిన్నాం, వచ్చేశాం.

వరుసలో కూర్చోని వాళ్ళు వెనక గదిలో ఉండేవాళ్ళు. "వాళ్ళకు మతి లేదు మేడం, మీకెందుకు" అనేవాళ్ళు. నేను వెళ్ళి ఆ గదిలోనే కూర్చునేదాన్ని. ఇందులో నా గొప్పేమీ లేదు. ముందు హాల్లో ఉప్మా తినమని ప్రాణం తీసేవాళ్ళు, వెనక గదిలో ఆ బాధ లేదు. కూర్చోగా కూర్చోగా అక్కడి మనుషులతో మాటలు కలిశాయి.

తర్వాత డిమెన్షియా మీద శిక్షణ అని హైదరాబాద్ నుంచి పిలుపొచ్చింది. వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి నన్ను పంపారు. నేర్చుకుని వచ్చి మిగతావాళ్ళకు నేర్పే బాధ్యత కూడా నా నెత్తినే పడింది. అక్కడ నేర్పిన ముఖ్యమైన మాట ఇది: జబ్బు మనిషితో వాదించకూడదు, ఆ మనిషి ఏ కాలంలో ఉంటే ఆ కాలంలోకి మనమే వెళ్ళాలి.

మంచి మాటే. మిర్యాలగూడ ఆశ్రమంలో గరిడేపల్లి వైపు రైతు ఒకాయన ఉండేవాడు. చీకటి పడే వేళకు "కరెంటొచ్చింది, మోటరెయ్యాలె" అంటూ గేటు మీద పడేవాడు. ఆపిన వాళ్ళను కొట్టేవాడు. సాయంత్రం కాగానే తువ్వాలతో మంచానికి కట్టేసేవాళ్ళు. పాత ఇనుప సామాను కొట్టు నుంచి పనికిరాని మోటరు స్టార్టర్ డబ్బా ఒకటి తెప్పించి గోడకు బిగించాం. సాయంత్రం ఆయన పచ్చ బటన్ నొక్కి, కాసేపు చెవి ఒగ్గి నిలబడి, వచ్చి పడుకునేవాడు. తువ్వాల మళ్ళీ ఒళ్ళు తుడుచుకోవడానికే పనికొచ్చింది. అది చూసి ఆ మాటే సర్వరోగ నివారిణి అనుకున్నాం. కాదని సూర్యాపేట లచ్చమ్మ చెప్పింది.

మా సారు

ముందు మా సారు గురించి చెప్పాలి. మంచి ఆఫీసరు. ఆశ్రమాల్లో చుక్క టీ ముట్టేవాడు కాదు, ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకునేవాడు. ఎండకూ వానకూ వెరవడు. ఒక్కటే చిక్కు, ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఒక ఆశ్రమంలో ముసలమ్మ జారి పడితే గాజులు పగిలి మణికట్టు తెగింది. దవాఖానకు తీసుకుపోయేలోపు చాలా రక్తం పోయింది. సారు ఆమె పక్కనే కూర్చుని కుట్లు వేయించాడు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది: ఆశ్రమాల్లోని ఆడవాళ్ళెవరికీ గాజులు ఉండకూడదు. మెట్టెలు చీర అంచుకు పట్టి పడిపోతారు కాబట్టి మెట్టెలు వద్దు. మెడలో తాళ్ళు బిగుసుకుంటాయి కాబట్టి అవీ వద్దు. స్టిక్కర్ బొట్లు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి బొట్లు వద్దు.

ఒక్కొక్కటీ విడిగా చూస్తే అన్నిటికీ కారణం ఉంది. మొత్తం కలిపి చూస్తే ఏమవుతుందో ఎవరికీ తట్టలేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. మతి బాగున్న ఆడవాళ్ళు సణిగి ఊరుకున్నారు. సర్కారు రూలు అన్నాక ఎవరేమంటారు.

రోజూ పోయే భర్త

లచ్చమ్మది తిరుమలగిరి అవతల పల్లె. గొర్ల కాపరుల ఇల్లు. పిల్లలు లేరు. జబ్బు ముదిరాక ఆమె ఎటంటే అటు నడిచిపోయేది. "గొర్లను గాస్త గని గీమెను గాసుడు నాతోని అయితలేదు" అని భర్త బీరయ్యే తెచ్చి సూర్యాపేట ఆశ్రమంలో ఉంచాడు. వారం వారం వచ్చి చూసిపోయేవాడు. మధ్యలో కాలు విరిగి కొన్ని నెలలు రాలేకపోయాడు. ఆ నెలల్లోనే ఆశ్రమంలో, ఉత్తర్వు అమలు చేసిన పాత సూపర్వైజర్ మానేసి సరిత అనే అమ్మాయి చేరింది.

నేను వెళ్ళిన రోజు సరిత కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లచ్చమ్మ భర్త చనిపోయాడని ఏడుస్తోందనీ, తిండి మానేసిందనీ, వచ్చే వారం ఆమెను హైదరాబాద్ మానసిక దవాఖానకు పంపాలని పైన నిర్ణయించారనీ చెప్పింది. అన్నం పెడితే కంచం తీసుకుపోయి ప్రహరీ గోడ మీద పెడుతుందట. తిండి పారేస్తోందని రాసుకున్నారు.

అది పారేయడం కాదు. మా వైపు మనిషి పోయిన మూడో రోజున ఇష్టమైనవి వండి బయట పెడతారు. కాకి ముట్టాకే ఇంట్లోవాళ్ళు తింటారు. పిట్టకు పెట్టడం అంటాం. లచ్చమ్మ రోజూ మొగుడి పేర పిట్టకు పెడుతోంది. ఆశ్రమంలో ఏమో శుభ్రత కోసం కాకుల్ని తోలేస్తున్నారు. కాకి ముట్టదు, ఆమె తినదు.

"ఆయన బతికే ఉన్నడని చెప్తె నా మీదికి కొట్టొచ్చింది మేడం" అంది సరిత. "ట్రైనింగ్ల మీరే చెప్పిండ్రు గదా, వాళ్ళ లోకంలకు మనమే పోవాలని. గందుకే నేను గూడ పక్కన గూసోని ఏడ్సిన. కాకుల్ని తోలొద్దన్న. కాకి ముట్టింది, ఆమె తిన్నది. నేను మస్తు ఖుష్ అయిన."

"మరింకేం?"

"తెల్లారి లేసి మళ్ళ మొదలు. ఆయన రోజూ కొత్తగ సస్తుండు మేడం."

ఆ అమ్మాయిని నేనేమనాలి? నేను నేర్పిందే చేసింది. బతికున్న మనిషికి రోజూ దినాలు చేయించమని మాత్రం ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

అప్పుడే బీరయ్య వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాలు కొంచెం ఈడుస్తున్నాడు. లచ్చమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"ఏ ఊరయ్యా మీది? మా ఆయినకు సుట్టమా? దినాలకొచ్చినవా?"

"ఔనమ్మా, సుట్టమే" అన్నాడు బీరయ్య. నా వైపు తిరిగి నవ్వాడు. "నేను సచ్చిన్నట మేడం. ఎట్ల సచ్చిన్నని ఒకసారి అడిగితె పాము కరిసిందన్నది. పోయినసారి పిడుగు వడ్డదన్నది. నా దినాలకు నేనే బస్సెక్కి వస్తున్న." అంతలోనే నవ్వు ఆగిపోయింది. "నవ్వుతున్న గని, బుక్కెడు తింటలేదు మేడం. సిక్కి సగమైంది. గా పిచ్చి దవాఖానకు పంపకుండ్రి. గాడికి నేను పోలేను, గాడ దీనికి ఎవలున్నరు? పోతె మళ్ళ రాదు."

ఆయన చెప్పింది నిజం. అంత బలహీనంగా ఉన్న మనిషి ఆ ప్రయాణాన్నీ ఆ కొత్త చోటునూ తట్టుకోలేదు.

లచ్చమ్మ మాత్రం నన్నే చూస్తోంది. దగ్గరకొచ్చి నా నుదురు తడిమింది. మాది చర్చికి వెళ్ళే బడిపంతుళ్ళ కుటుంబం, నేను ఎన్నడూ బొట్టు పెట్టుకోలేదు.

"నీకు గూడ పోయిండా బిడ్డా?" అంది.

"లేదమ్మా, ఉన్నడు. ఇంట్ల పేపర్ చదువుకుంటున్నడు" అన్నాను.

ఆమె నమ్మలేదు. నా చెయ్యి పట్టుకుంది. ఒక చేతికి గడియారం, రెండోది ఖాళీ. జాలిగా తల ఊపింది.

"నా కాడ అబద్ధమెందుకు బిడ్డా. గీ ఇంట్ల ఆడోళ్ళందరికి మొగలు పోయిండ్రు. సూడు, ఒక్కదాని సేతికన్న గాజులున్నయా?"

గది చుట్టూ చూశాను. మంచాల మీద బోసి చేతులు, బోసి నుదుళ్ళు. లచ్చమ్మ ఎరిగిన ఏ వాడలో నిలబడి చూసినా, బతికున్న మొగుళ్ళ భార్యలు ఇట్లా ఉండరు. లచ్చమ్మ పొద్దున లేస్తూనే తన చేతులు చూసుకుంటుంది. గాజులు లేవు. నుదురు తడుముకుంటుంది. బొట్టు లేదు. పుస్తెలు ఇంట్లో దాచి బీరయ్య కట్టి పంపిన పసుపుకొమ్ము దారం మెడలో లేదు. మా వైపు ఆడదానికి ఇవన్నీ ఒక్కసారే పోయేది మొగుడి దినాల నాడే. మేం మతి లేదంటున్న మనిషి, కళ్ళకు కనబడిన దాన్ని బట్టి సరైన అర్థమే తీసుకుంది.

పక్క మంచం మీది ముసలమ్మ అందుకుంది. "గాజులు తీసిన్నాడే సురువైంది దీని ఏడుపు."

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలేదవ్వా?" అన్నాను.

"నన్నెవలడిగిండ్రు?" అంది.

బీరయ్య నుదురు కొట్టుకున్నాడు. "సర్కారోళ్ళు దాసిపెట్టిన్రేమో అనుకున్న మేడం. గిదా సంగతి!"

పళ్ళెం

గుట్టుగా నాలుగు గాజులు తొడిగితే సరిపోయేది కదా అని మీరు అడగవచ్చు. మర్నాడు ఇంకో తనిఖీ మనిషి వచ్చి తీయించేవాడు, సరిత ఉద్యోగం ఊడేది. పైగా మూడు పట్నాల్లో అన్ని ఆశ్రమాల్లో ఇదే ఉత్తర్వు. ఇంకెంతమంది లచ్చమ్మలు ఉన్నారో ఎవరు చూశారు?

సారుకు ఫోన్ చేశాను. ఓపికగా విన్నాడు. "రేపు ఇంకొకామె చెయ్యి తెగితే దవాఖానలో మీరు కూర్చుంటారా మేడం? ఆ రక్తం నేను చూశాను" అన్నాడు. అదీ న్యాయమైన ప్రశ్నే. కోదాడలో సూపర్వైజర్ల శిక్షణ అయ్యేదాకా లచ్చమ్మను పంపకుండా ఆపమని మాత్రం అడిగాను. సరే అన్నాడు.

కోదాడ శిక్షణకు మూడు ఊళ్ళ సూపర్వైజర్లూ తనిఖీ సిబ్బందీ వచ్చారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. సారు ప్రారంభోపన్యాసం చేసి వెళ్ళిపోవడం అలవాటు. మొదటి పాఠం అయ్యేదాకా కూర్చోమని బతిమాలాను. ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

ఒక ఇత్తడి పళ్ళెం బల్ల మీద పెట్టాను. "ఆశ్రమంలో ఉండేవాళ్ళ రోజు ఎట్లా గడుస్తుందో మనకు తెలియాలి. అందుకని ఈ పూట మనం కూడా అక్కడి రూలే పాటిద్దాం. గాజులు, మెట్టెలు, మెడలోవి తీసి ఇందులో పెట్టండి. బొట్టు తుడుచుకోండి. భోజనాల వేళకు అన్నీ తిరిగి ఇచ్చేస్తాను" అన్నాను. ముందుగా నా గడియారం తీసి పళ్ళెంలో వేశాను.

ఎవరూ కదల్లేదు. హాస్యమేమోనని ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను నవ్వకపోయేసరికి హాలంతా గోలయింది. మిర్యాలగూడ నుంచి వచ్చినామె రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. "నౌకరి పోతె పోనియ్యుండ్రి మేడం, నేనైతె తియ్య" అంది. కోదాడ సూపర్వైజర్ విజయలక్ష్మి లేచి నిలబడింది. మాటలో అదురూ బెదురూ లేని మనిషి.

"మేడంగారూ, మీరేమీ అనుకోకండి. మీకు ఈ పట్టింపులు లేవు కాబట్టి సులువుగా అనేశారు. మా ఆయన నిక్షేపంలా ఉన్నారండీ. ఆయనుండగా బోడి చేతులతో కూర్చోమంటారా?"

"గంటసేపేనమ్మా. భద్రత కోసం. గాజు పగిలితే చెయ్యి కోసుకుంటుంది" అన్నాను. ఉత్తర్వులో మాటలే అవి.

"గంట కాదు, నిమిషం కూడా కుదరదండీ! మంగళకరమైనవి ఎట్లా తీయమంటారండీ, కళ్ళెదుట మొగుడు..." అంటూ ఆమె మధ్యలో ఆగిపోయింది. గొంతు తగ్గించి, "మా ఆశ్రమంలో అందరివీ నేనే దగ్గరుండి తీయించానండీ" అంది. కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని తన గాజుల్నే చూసుకుంది.

అప్పుడు లచ్చమ్మ కథ చెప్పాను. పిట్టకు పెట్టడం, బీరయ్య తన దినాలకు తానే రావడం, బోసి చేతుల గది, అన్నీ చెప్పాను. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం సారు వైపు చూడలేకపోయాను. అందరి ముందూ ఆఫీసరు ఉత్తర్వును పళ్ళెంలో పెట్టి చూపించాను మరి.

సారు ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకున్నాడు. తాగలేదు. నా గడియారం ఒక్కటే ఉన్న పళ్ళేన్ని చూస్తూ అడిగాడు.

"ఆ ముసలాయన రోజూ వస్తాడా?"

"వారం వారం వస్తడు సార్. కాలు సరిగ్గ లేదు, అయినా వస్తడు."

పోసుకున్న టీని మళ్ళీ ఫ్లాస్కులోకే ఒంపాడు. తర్వాత, "చెయ్యి తెగితే కుట్లు వేయించొచ్చు" అన్నాడు. "ఆ ఉత్తర్వు ఇవాళ్టితో రద్దు. కాగితం రేపు వస్తుంది. ఆమెను ఎక్కడికీ పంపొద్దు." మళ్ళీ మామూలు మనిషైపోయి, "కానీ మేడం, వదులు గాజులు వద్దు. బీటలు వారినవి ఏరోజుకారోజు చూసి తీసేయాలి. అది మీ పూచీ" అన్నాడు.

నేను పళ్ళెంలోంచి గడియారం తీసి చేతికి పెట్టుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. కింది వాళ్ళ మాట వినే ఆఫీసర్లను కొందరిని చూశాను. తన ఉత్తర్వును తానే అందరి ముందూ కొట్టేసిన ఆఫీసరు నా సర్వీసులో ఆయనొక్కడే. మూడు కాళ్ళ కుందేలుకు నాలుగో కాలు ఆ రోజు మొలిచింది.

మీకు నేను చెప్పేది ఇంతే. జబ్బు మనిషి ఏదో తప్పుగా అనుకుంటుంటే సరిదిద్దడానికో, తల ఊపడానికో తొందరపడకండి. ముందు ఆ మంచం మీద కూర్చుని, అక్కడి నుంచి ఏం కనబడుతుందో చూడండి. పక్క మంచం మనిషిని అడగండి. మనం రాసిన రూలే ఆ జబ్బుకు మందో విషమో కావచ్చు.

సూర్యాపేటలో గాజులు

మొదట ప్లాస్టిక్ గాజులు తెచ్చి చూశాం, పగలవు కదా అని. లచ్చమ్మ వాటిని నొక్కి చూసి, "గివి పోరగాండ్లు ఆడుకునేటియి" అని పక్కన పడేసింది. మర్నాడు బీరయ్య బజారులో గాజులు అమ్మే ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. పచ్చవి, ఎర్రవి, చేతికి సరిగ్గా పట్టేవి. ఆమె ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే లచ్చమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. చివరిది ఎక్కాక చెయ్యి ఊపి, ఆ చప్పుడు విని, మళ్ళీ ఊపింది. సరిత కుంకుమ పెట్టింది.

ఆ చప్పుడుకు మిగతా ఆడవాళ్ళూ మంచాలు దిగి వచ్చారు. అందులో ఎప్పుడో మొగుడు పోయిన ముసలమ్మ కూడా చెయ్యి చాపింది. గాజులామె నా మొహం చూసింది. "ఎయ్యక్కా, అవ్వకు ఏవి కావాల్నో గవి ఎయ్యి" అంది సరిత. ఎవరూ అడ్డు చెప్పలేదు.

మధ్యాహ్నం కంచాలు వచ్చాయి. లచ్చమ్మ తన కంచం అందుకుంది. సరిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోడ మీద కాకులున్నాయి. లచ్చమ్మ వాటి వైపు చూడనే లేదు. గాజులు గలగలలాడుతుండగా మంచం మీద కూర్చుంది. ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడ్డ బీరయ్య కనబడ్డాడు.

"ఏ ఊరయ్యా మీది?"

"గీడనే అమ్మా, తిర్మలగిరి దిక్కు."

"మాది గూడ గా దిక్కే. మా ఆయిన గొర్లకాడికి పోయిండు. పొద్దుగూకంగ వస్తడు. గందాక ఉపాసమెందుకు, కూసో. ఇద్దరం తిందాం."

అన్నం రెండు పాళ్ళు చేసింది. ఒక ముద్ద కలిపి తన నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది, ఇంకో ముద్ద కలిపింది. సరిత బయటికి పోయి గోడ వైపు తిరిగి ఏడ్చింది. బీరయ్య గొంగడి కొంగుతో మొహం తుడుచుకున్నాడు. నేను ఆయన చెవి దగ్గర, "నువ్వెవరో ఆమెకు చెప్పనా అన్నా?" అని అడిగాను.

"వద్దు మేడం" అన్నాడు బీరయ్య. "నిన్నటిదాంక సచ్చినోన్ని. ఇయ్యాల గొర్లకాడికి పోయిన్నంటున్నది. గది సాలు."

కర్ర గోడకు ఆనించి, ఆమె పక్కన కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టాడు.